చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్

దీనబంధు ఆండ్రూస్‌గా ప్రసిద్ధుడైన చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ (ఫిబ్రవరి 12, 1871 - ఏప్రిల్ 5, 1940) ఇంగ్లండులో పుట్టి, భారతదేశాన్ని కార్యక్షేత్రంగా చేసుకొన్న క్రైస్తవ మతబోధకుడు, అధ్యాపకుడు, రచయిత, సంఘసేవకుడు. ఈయన మహాత్మా గాంధీకి, విశ్వకవి రవీంద్రనాథ టాగూరుకు ఆప్తమిత్రుడు. బ్రిటిషు వలస రాజ్యాల చెరకు తోటలలో కూలీల కొరత తీర్చడానికి భారతీయులను ఐదేళ్ళ ఒప్పందంపై ఓడలెక్కించి పంపే విధానం 1834 నుండి 1917 వరకు సాగింది. ఆ విధానాన్ని రద్దు చేయించిన ప్రముఖులలో ఆండ్రూస్ ఒకడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నంత మాత్రాన కూలీ తన ఇష్టంతో వెళ్ళినట్లు కాదని స్వయంగా తోటలకు వెళ్ళి చూసి లోకానికి తెలియజేయడం ఈయన చేసిన ముఖ్యమైన పని.

బాల్యం, విద్యాభ్యాసం

ఆండ్రూస్ ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాజిల్ అపాన్ టైన్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ ఎడ్విన్ ఆండ్రూస్ కాథలిక్ అపోస్టలిక్ చర్చిలో మతాధికారి. ఆండ్రూస్ చిన్నతనంలోనే ఈ పెద్ద కుటుంబం బర్మింగ్‌హాం నగరానికి తరలివెళ్ళింది. తల్లికి సంక్రమించిన ఆస్తిని, దాని నిర్వహణ చూస్తున్న కుటుంబ మిత్రుడు స్వాహా చేయడంతో వారు పేదరికం పాలయ్యారు. అయినా తండ్రి ఆ మిత్రుని క్షమించి అతని కోసం ప్రార్థించిన సంగతి ఆండ్రూస్ మనసులో జీవితాంతం నిలిచిపోయింది.

బర్మింగ్‌హాంలోని కింగ్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో చదివిన తరువాత ఈయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని పెంబ్రోక్ కళాశాలలో చేరాడు. పెట్టుబడికి, శ్రమకు మధ్య ఘర్షణలో క్రైస్తవ ధర్మం ఏమి చెబుతుందన్న విషయంపై ఈయన వ్రాసిన వ్యాసానికి బర్నీ బహుమతి లభించింది. అది 1896లో పుస్తకంగా వెలువడింది. కూలివాని కష్టం గురించిన ఆలోచన ఈయనకు భారతదేశానికి రాకముందే ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది. 1897లో పూర్తి స్థాయి మతగురువుగా దీక్ష పొందాడు. దక్షిణ లండనులోని వాల్వర్త్ అనే పేదల పేటలో కొంతకాలం సేవ చేసి, తరువాత కేంబ్రిడ్జిలో మతవిద్యను బోధించాడు.

భారతదేశానికి రాక

1904 మార్చిలో ఆండ్రూస్ కేంబ్రిడ్జి మిషన్ తరపున ఢిల్లీ చేరి, సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో తత్వశాస్త్ర అధ్యాపకుడయ్యాడు. అక్కడ సుశీల్ కుమార్ రుద్ర ఈయనకు ప్రాణమిత్రుడయ్యాడు. కళాశాల ప్రిన్సిపాలు పదవి ఆంగ్లేయునికే దక్కాలన్న ఆనాటి ఆనవాయితీని ఆండ్రూస్ వ్యతిరేకించి, రుద్రను సమర్థించాడు. 1906లో రుద్ర ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలు అయ్యాడు.

1912లో లండనులో చిత్రకారుడు రోథెన్‌స్టైన్ ఇంట ఆండ్రూస్‌కు టాగూరుతో పరిచయం కలిగింది. 1914లో ఈయన మిషన్ బాధ్యతలను, మతగురువు విధులను వదులుకొని శాంతినికేతనంలో స్థిరపడ్డాడు. అయితే ప్రవాస భారతీయుల సమస్యల వలన అక్కడ ఎక్కువ కాలం నిలకడగా ఉండలేకపోయాడు.

ఒప్పంద కూలీ విధానం

ఆండ్రూస్ కృషిని అర్థం చేసుకోవడానికి ఈ విధానం గురించి కొంత తెలియాలి. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వ నిర్మూలన చట్టం చేసింది. స్వతంత్రులైన నీగ్రో బానిసలు పాత యజమానుల తోటలలో పాత కూలికి పనిచేయడానికి ఇష్టపడలేదు. తోటల యజమానులు దీనిని కూలీల కొరతగా పేర్కొని, ఆ కొరత తీర్చడానికి భారతదేశం వైపు చూశారు. 1834లో మారిషస్‌కు వలస మొదలైంది. 1838లో జాన్ గ్లాడ్‌స్టన్ అనే తోటల యజమాని చొరవతో బ్రిటిష్ గయానాకు రెండు ఓడలలో కూలీలు వెళ్ళారు. తరువాత ట్రినిడాడ్, జమైకా, నేటాల్, ఫిజీ మొదలైన చోట్లకు ఈ విధానం విస్తరించింది. మొత్తం మీద పది లక్షలకు పైగా భారతీయులు ఈ విధంగా వెళ్ళారు.

ఫిజీలో కొరతకు మరొక కారణం ఉంది. అక్కడి మొదటి గవర్నరు ఆర్థర్ గోర్డన్, ఫిజీ మూలవాసులను గ్రామాల నుండి తోటలకు తరలిస్తే వారి సమాజం ఛిన్నాభిన్నమవుతుందని భావించాడు. అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్ గవర్నరుగా పనిచేసిన అనుభవంతో భారతీయ కూలీలను రప్పించే ఏర్పాటు చేశాడు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ తొలి కూలీలతో ఫిజీ చేరింది. 1916 వరకు 60,965 మంది ఫిజీకి బయలుదేరారు.

చట్టం పైకి చాలా పకడ్బందీగా కనిపించేది. 1883 నాటి వలస చట్టం ప్రకారం కూలీలను సేకరించేవానికి లైసెన్సు ఉండాలి. ఉత్తరాదిలో ఇతనిని ఆర్కాటీ అనేవారు. వెళ్ళదలచినవారు జిల్లాలోని రిజిస్ట్రేషన్ అధికారి ఎదుట తమ సమ్మతి చెప్పాలి. తరువాత వైద్య పరీక్ష, కలకత్తా లేదా మద్రాసు రేవులోని డిపోలో నివాసం, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి తనిఖీ ఉండేవి. ప్రతి వ్యక్తికి పేరు, తండ్రి పేరు, కులం, గ్రామం, ఎత్తు, పుట్టుమచ్చలు వ్రాసిన పాసు ఇచ్చేవారు. ఒప్పందం ఐదేళ్ళు. ఫిజీలో మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు కూలి. పదేళ్ళు అక్కడ ఉన్నవారికి ఉచితంగా తిరుగు ప్రయాణం. ప్రతి వందమంది మగవారికి నలభైమంది ఆడవారు ఉండాలన్నది మరొక నిబంధన. అగ్రిమెంటు అన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. అలా వెళ్ళినవారు గిర్మిటియాలు అయ్యారు.

అయితే పనికి రాకపోయినా, అప్పగించిన పని పూర్తి చేయకపోయినా, అనుమతి లేకుండా తోట దాటినా అది నేరం. దానికి జరిమానా, జైలు శిక్ష ఉండేవి. యజమాని నచ్చకపోతే మరొకరి వద్ద చేరే హక్కు కూలీకి లేదు.

దక్షిణాఫ్రికా ప్రయాణం

నేటాల్‌కు 1860 నుండి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్ళారు. 1895 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన తరువాత తిరిగి ఒప్పందంలో చేరకుండా, స్వదేశానికి పోకుండా అక్కడే ఉండదలచినవారు ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలి. కూలీలు కావాలి గాని పౌరులు వద్దన్నది ఆ పన్ను ఉద్దేశం. గోపాల కృష్ణ గోఖలే 1910లో కేంద్ర శాసనమండలిలో ప్రవేశపెట్టిన తీర్మానం ఫలితంగా 1911 జూలై 1 నుండి నేటాల్‌కు ఒప్పంద కూలీలను పంపడం ఆగిపోయింది. 1912లో ఆయన ఈ విధానం మొత్తాన్నే రద్దు చేయాలని తీర్మానం పెట్టగా ప్రభుత్వం ఒప్పుకోలేదు.

మూడు పౌండ్ల పన్నుకు వ్యతిరేకంగా 1913లో గాంధీ నాయకత్వంలో బొగ్గు గని కార్మికులు, తోట కూలీలు పెద్ద సమ్మె చేశారు. గోఖలే ఆ ఉద్యమానికి నిధి సేకరిస్తున్నప్పుడు ఆండ్రూస్ తాను దాచుకొన్న సొమ్మంతా ఇచ్చాడు. గోఖలే కోరికపై తన మిత్రుడు విలియం పియర్సన్‌తో కలసి బయలుదేరి, 1914 జనవరి మొదట్లో డర్బను రేవు చేరాడు. ఓడ దిగగానే గాంధీ పాదాలకు నమస్కరించాడు. ఒక తెల్లవాడు భారతీయుని పాదాలు తాకడం అక్కడి ఆంగ్లేయుల పత్రికలకు ఆగ్రహం కలిగించింది.

గాంధీకి, మంత్రి జనరల్ స్మట్స్‌కు మధ్య జరిగిన సంప్రదింపులలో ఆండ్రూస్ మధ్యవర్తిగా తోడ్పడ్డాడు. అప్పటి గవర్నర్ జనరల్ హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్‌తో కూడా మాట్లాడాడు. ఈ హెర్బర్ట్, 1838లో గయానాకు కూలీలను రప్పించిన జాన్ గ్లాడ్‌స్టన్‌కు మనుమడు కావడం విశేషం. 1914లో వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం మూడు పౌండ్ల పన్నును రద్దు చేసింది. దక్షిణాఫ్రికాలో ఉండగానే ఈయన తల్లి ఇంగ్లండులో మరణించింది. నేటాల్‌లో తాను చూసిన, వీపుపై దెబ్బల గుర్తులున్న ఒక తోట కూలీ రూపం ఆండ్రూస్ మనసును వదలలేదు.

ఫిజీ విచారణ

1915లో ఆండ్రూస్‌కు కలరా సోకింది. కోలుకొంటున్న రోజులలో ఫిజీ కూలీలకు సంబంధించిన పత్రాలు చదివాడు. ఫిజీలో 21 సంవత్సరాలు ఉండి 1914లో తిరిగివచ్చిన తోతారాం సనాఢ్య తన అనుభవాలను హిందీలో పుస్తకంగా ప్రకటించి ఉన్నాడు. మరోవైపు భారత ప్రభుత్వం పంపిన మెక్‌నీల్, చిమన్‌లాల్‌ల విచారణ సంఘం కొన్ని లోపాలను ఎత్తిచూపుతూనే, విధానం మొత్తం మీద మేలు చేస్తున్నదని అభిప్రాయపడింది. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి ఆండ్రూస్, పియర్సన్ 1915 సెప్టెంబరులో ఫిజీకి బయలుదేరారు. వీరికి ప్రభుత్వ హోదా ఏదీ లేదు. స్వతంత్ర విచారణగానే ఈ పని చేశారు.

తోటలలో కూలీలు ఉండే పొడుగాటి పాకలను లైన్లు అనేవారు. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉన్న గదిలో ముగ్గురు ఒంటరి పురుషులనో, ఒక కుటుంబాన్నో ఉంచేవారు. ఆండ్రూస్, పియర్సన్ ఈ లైన్లలో తిరిగి కూలీలతో మాట్లాడారు. తోటల యజమానులను, అధికారులను, చక్కెర కంపెనీ వారిని కలిశారు. 1916లో వెలువడిన వీరి నివేదికలోని ముఖ్యాంశాలు ఇవి:

మొదటిది, సమ్మతి గురించి. చాలామందిని సేకర్తలు మభ్యపెట్టి తెచ్చారు. ఫిజీ ఎక్కడ ఉన్నదో, సముద్ర ప్రయాణం ఎన్ని వారాలో వారికి తెలియదు. అధికారి ఎదుట ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలో ముందే నేర్పి పెట్టేవారు.

రెండవది, ఒప్పంద పత్రం గురించి. అందులో కూలి, పని గంటలు, తిరుగు ప్రయాణం వంటి విషయాలు ఉన్నాయి గాని, పని మానితే జైలుకు పంపుతారన్న మాట లేదు. ఒక షిల్లింగు అంటే పన్నెండు అణాలు. స్వదేశంలో అది పెద్ద కూలిగా కనిపించినా, ఫిజీలో ధరలు ఎక్కువ కావడం వలన దానికి అంత విలువ లేదు.

మూడవది, కుటుంబ జీవితం గురించి. స్త్రీల సంఖ్య తక్కువ కావడం, లైన్లలో మరుగు లేకపోవడం వలన కుటుంబాలు విచ్ఛిన్నమయ్యాయి. స్త్రీలపై అత్యాచారాలు, అసూయతో హత్యలు జరిగేవి. ఆత్మహత్యలు స్వదేశంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేవి.

కొద్దిపాటి సంస్కరణలతో ఈ విధానం బాగుపడదని, రద్దు ఒక్కటే మార్గమని వీరు తేల్చారు.

విధానం రద్దు

1916 మార్చి 20న పండిత మదనమోహన మాలవీయ కేంద్ర శాసనమండలిలో రద్దు తీర్మానం ప్రవేశపెట్టాడు. వైస్రాయి లార్డ్ హార్డింజ్ దానిని సూత్రప్రాయంగా అంగీకరించాడు. కాని ప్రత్యామ్నాయ ఏర్పాట్లు జరిగే వరకు పాత విధానమే కొనసాగుతుందన్నారు. వలస రాజ్యాలకు వెసులుబాటు కోసం మరో ఐదేళ్ళు కూలీలను పంపడానికి లండనులో ఆలోచన జరుగుతున్నదని ఆండ్రూస్‌కు తెలిసింది. ఈయన ఆ సంగతిని బయటపెట్టి, ఊరూరా తిరిగి ప్రజాభిప్రాయాన్ని కూడగట్టాడు.

1917 జనవరిలో అలహాబాదు సభలో సరోజినీ నాయుడు ఈ విధానాన్ని తీవ్రంగా ఖండించింది. 1917 మే 31లోగా కూలీల ఎగుమతి ఆగకపోతే సత్యాగ్రహం తప్పదని గాంధీ ప్రకటించాడు. మహిళల ప్రతినిధివర్గం వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్‌ను కలిసింది. రాజకీయ విషయాలలో భారతీయ స్త్రీలు ఈ విధంగా ముందుకు రావడం ఆ రోజులలో అరుదు. చివరకు 1917 మార్చి 12న భారత రక్షణ చట్టం కింద ప్రభుత్వం కూలీల వలసను నిలిపివేసింది. అంతకుముందు 1916 నవంబరులో ఫిజీ చేరిన సట్లెజ్ ఓడయే ఆ దేశానికి ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళిన చివరి ఓడ అయింది.

కొత్తవారు వెళ్ళడం ఆగినా, అప్పటికే ఫిజీలో ఉన్నవారి ఒప్పందాలు ముగియలేదు. అందుకని ఆండ్రూస్ 1917లో మరల ఫిజీ వెళ్ళాడు. దీనబంధు అన్న బిరుదు అక్కడి భారతీయులే ఈయనకు ఇచ్చారు. ఆస్ట్రేలియాలో ఈయన చేసిన ప్రచారం ఫలితంగా అక్కడి మహిళా సంఘాలు ఫ్లోరెన్స్ గార్న్‌హాం అనే ఆమెను ఫిజీకి పంపి విడిగా విచారణ చేయించాయి. 1918లో వచ్చిన ఆమె నివేదిక ఆండ్రూస్ చెప్పిన విషయాలను బలపరచింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

ఒప్పంద కూలీలు లేకపోతే చక్కెర పరిశ్రమ కూలిపోతుందని యజమానులు ఎన్నో ఏళ్ళుగా వాదిస్తూ వచ్చారు. అలా జరగలేదు. 1920వ దశకంలో కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ తన తోటలను సుమారు పది ఎకరాల చిన్న కమతాలుగా విభజించి భారతీయ రైతులకు కౌలుకిచ్చింది. నిన్నటి కూలీలు కౌలు రైతులై చెరకు పండించారు.

రద్దు తరువాత

1921లో అస్సాం తేయాకు తోటలు విడిచి స్వగ్రామాలకు బయలుదేరిన కూలీలు చాందపూర్‌లో చిక్కుకుపోయారు. వారిపై గూర్ఖా సైనికులు దాడి చేశారు. తరువాత వారిలో కలరా వ్యాపించగా ఆండ్రూస్ అక్కడికి వెళ్ళి సేవ చేశాడు. అదే కాలంలో ఫిజీ, గయానాల నుండి తిరిగివచ్చిన వందలాదిమంది కలకత్తా శివారులోని మటియాబుర్జ్‌లో దిక్కులేక పడి ఉన్నారు. సముద్రం దాటినందుకు కొందరిని స్వగ్రామాలవారు చేరనీయలేదు. తెచ్చుకొన్న డబ్బు అయిపోయి, మళ్ళీ ఆ దేశాలకే పంపమని వారు వేడుకొనేవారు. ఆండ్రూస్ వారి తరపున అధికారులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు.

1922లో కొత్త వలస చట్టం వచ్చింది. దీని ప్రకారం శాసనసభల ఆమోదంతో ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు తప్ప, నైపుణ్యం లేని కూలీలను పంపడానికి వీలులేదు. కెన్యా భారతీయుల హక్కుల కోసం ఆండ్రూస్ 1923లో లండనులో పనిచేశాడు. దక్షిణాఫ్రికాలో 1927లో కుదిరిన కేప్‌టౌను ఒడంబడికకు రంగం సిద్ధం చేసినవారిలో ఈయన ఒకడు. 1929లో బ్రిటిష్ గయానాను, 1936లో మూడవసారి ఫిజీని సందర్శించాడు.

తెలుగువారితో సంబంధం

ఆండ్రూస్ ఎవరి కోసం పాటుపడ్డాడో వారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. 1830వ దశకం నుండే గోదావరి జిల్లా కోరంగి రేవు మీదుగా తెలుగువారు మారిషస్ చేరారు. అందువలన అక్కడ తెలుగువారికి కోరంగీలు అన్న పేరు వచ్చింది. 1860 నవంబరు 16న డర్బను చేరిన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండే వెళ్ళింది. నేటాల్ కూలీలలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. ఫిజీకి మద్రాసు నుండి 1903లో వలస మొదలైంది. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుండి తెలుగువారు వెళ్ళారు.

ఫిజీ తోటలలో పనుల ఆజ్ఞలన్నీ హిందుస్తానీలో ఉండేవి. ఆ భాష రాని దక్షిణాది కూలీలు ఒంటరులయ్యారు. ఆత్మహత్య చేసుకొన్నవారిలో వారి పాలు వారి సంఖ్యకు మించి ఉండేది. విధానం రద్దయిన తరువాత వీరు నిలదొక్కుకొని సంఘాలు ఏర్పాటు చేసుకొన్నారు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ, ఫిజీలో 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఏర్పడ్డాయి.

విమర్శలు

తోటల స్త్రీల గురించి ఆండ్రూస్ వ్రాసిన తీరు కొంత నీతిబోధకుని ధోరణిలో ఉన్నదని, వారి దుస్థితిని చూపే ప్రయత్నంలో వారినే చులకన చేసినట్లయిందని తరువాతి చరిత్రకారులు కొందరు విమర్శించారు. గిర్మిటియాల మనుమడైన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ 45 వేలకు పైగా వలస పాసులను పరిశీలించి 1983లో ఒక గ్రంథం ప్రకటించాడు. వెళ్ళినవారు అన్ని కులాలకు చెందిన సాధారణ గ్రామీణులని, చాలామంది అంతకుముందే పని వెతుకుతూ ఇల్లు విడిచినవారని, అందరూ మోసపోయినవారు కారని ఆయన చూపాడు. కేప్‌టౌను ఒడంబడికలో భాగంగా ప్రయాణ ఖర్చులిచ్చి స్వదేశానికి పంపే పథకాన్ని అంగీకరించడం పొరపాటని కొందరు అన్నారు. అలా తిరిగివచ్చినవారు పడిన ఇక్కట్లను 1931లో భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది ఒక నివేదికలో వెల్లడించారు. ఆ చతుర్వేదియే తరువాత మార్జరీ సైక్స్‌తో కలసి ఆండ్రూస్ జీవిత చరిత్ర వ్రాశాడు.

రచనలు

ఆండ్రూస్ ఆంగ్లంలో అనేక గ్రంథాలు రచించాడు. భారతీయ పునరుజ్జీవనంపై 1912లో వ్రాసిన గ్రంథం, ఢిల్లీకి చెందిన జకావుల్లా జీవిత చరిత్ర (1929), గాంధీ భావాలపై గ్రంథం (1929), క్రీస్తుకు తాను ఎంత ఋణపడి ఉన్నాడో చెప్పే ఆత్మకథాత్మక గ్రంథం (1932), సాధు సుందర్ సింగ్ జీవితం (1934), భారతదేశం - పసిఫిక్ ప్రాంతం గురించిన గ్రంథం (1937) వీటిలో ముఖ్యమైనవి. టాగూరు తనకు వ్రాసిన లేఖలను 1928లో సంకలనం చేసి ప్రచురించాడు.

మరణం, స్మృతి చిహ్నాలు

ఆండ్రూస్ వివాహం చేసుకోలేదు. సొంత ఆస్తి ఏదీ కూడబెట్టలేదు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో మరణించాడు. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది. కలకత్తా శివారు గరియాలో 1956లో దీనబంధు ఆండ్రూస్ కళాశాల ఏర్పడింది. 1971లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఈయన స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఒప్పంద కూలీల కాలంలో పుట్టిన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అన్న పదవి స్వతంత్ర భారతదేశంలో కూడా కొనసాగింది. 1983 నాటి వలస చట్టం కింద, కూలీలను విదేశాలకు పంపే ఏజెంట్లకు లైసెన్సులు, గల్ఫ్ దేశాల వంటి చోట్లకు పనికి వెళ్ళే తక్కువ చదువు గలవారికి అనుమతులు ఈ వ్యవస్థ ద్వారానే ఇచ్చారు. హైదరాబాదులో కూడా ఈ కార్యాలయం ఏర్పడింది. కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది ఈ విధంగా గల్ఫ్‌కు వెళ్ళారు. సంతకం చేసేవానికి తాను సంతకం చేస్తున్న కాగితంలో ఏమున్నదో తెలుసా, నచ్చకపోతే పని మానే హక్కు ఉన్నదా అని 1915లో ఆండ్రూస్ ఫిజీ తోటలలో వేసిన ప్రశ్నలు ఈ వలసల విషయంలోనూ ముఖ్యమైనవే.